ఓడ ఆగినప్పుడు మీరూ దిగండి

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగర్, వనస్థలిపురం, ఈ వరసలో ఏ వీధిలోకి వెళ్ళినా అబ్బాయో అమ్మాయో అమెరికాలో వున్న ఇల్లు తగలకుండా వుండదు. కోడలి కాన్పుకనో, మనవణ్ణి చూసుకోవడానికనో, ఊరికే ఓసారి చూసి పోదామనో తల్లులు ఆర్నెల్లకు బయల్దేరుతూనే వుంటారు. వేసవిలో పిల్లలు ముచ్చటపడి "అమ్మా, అలాస్కా ఓడకి టిక్కెట్లు తీశాం" అంటారు. సియాటిల్ వేపు వున్న పిల్లలైతే మరీను. ఇంటి దగ్గర్లోనే ఓడ ఎక్కొచ్చు. వారం రోజులు ఓడలో వుండటం, మధ్యలో మూడు నాలుగు రేవుల్లో ఆగటం. ఆ రేవుల్లో చాలా ఓడలకి ఉత్తరపు కొస స్కాగ్వే అనే చిన్న ఊరు. ఈవేళ ఆ ఊళ్ళో ఓడ ఆగినప్పుడు మీరేం చెయ్యొచ్చు, ఏం చూడొచ్చు అన్నది ముచ్చటించుకుందాం.

ఇదేమంత చెప్పుకోవలసిన సంగతా అంటారేమో. అవునండీ, చెప్పుకోవలసిందే. మా కాలనీలో ఒకావిడ వెళ్ళి వచ్చారు. ఏం చూశారండీ అని అడిగితే "ఓడ చాలా పెద్దదమ్మా. ఎప్పుడు చూసినా భోజనం పెడుతూనే వుంటారు" అన్నారు. మరి ఊళ్ళు? "నేను దిగలేదు. పసివాడు నిద్రపోతున్నాడు, నాకు మోకాళ్ళు కూడా పట్టేశాయి. మీరు వెళ్ళి రండిరా అన్నాను" అన్నారు. మూడు రేవుల్లోనూ అదే మాట అన్నారట. పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. ఆవిడ వద్దంది, వాళ్ళు నమ్మారు. భూగోళం మీద అంత దూరం వెళ్ళి, కిటికీలోంచి ఓ కొండా, ఓ రేవు గట్టూ చూసి వచ్చారావిడ. ఇందులో పోయింది డబ్బు ఒక్కటే కాదు. ఆ వయసులో మళ్ళీ అంత దూరం వెళ్ళేదెప్పుడు? అంచేత టిక్కెట్లు తీసే ముందే, ఇక్కడ మన ఇంట్లో కూర్చుని వుండగానే, కొన్ని సంగతులు తెలిసి వుంటే మంచిది.

ముందు కాయితాల మాట. అలాస్కా అమెరికాలోదే. 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొనుక్కున్నారు, 1959లో రాష్ట్రం చేశారు. అమెరికా వీసా వుంది కదా, ఇంకేం కావాలి అనుకుంటాం. కాని మ్యాపు తీసి చూడండి. తక్కిన అమెరికాకీ అలాస్కాకీ మధ్య కెనడా అడ్డంగా వుంటుంది. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి వుంది. విదేశంలో నమోదయిన ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో వేరే దేశపు రేవు తాకకుండా, మళ్ళీ అమెరికా రేవులోనే దింపకూడదు. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహామాస్ వంటి దేశాల పేర నమోదయినవే. అందువల్ల సియాటిల్‌లో ఎక్కించుకున్న ఓడ కూడా సాధారణంగా ఓ సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగి వస్తుంది. కొన్ని ఓడలైతే ఏకంగా కెనడాలోని వాంకూవర్ నుంచే బయల్దేరతాయి. ఎలా చూసినా మన దేశపు పాస్‌పోర్టు వున్నవారికి కెనడా వీసా కావాలి. అది లేకపోతే ఓడ ఎక్కే చోటనే ఆపేస్తారు. పెట్టెలు సర్దుకుని, మనవణ్ణి చంకనేసుకుని రేవుదాకా వెళ్ళి వెనక్కి రావడమంటే ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఇందులో ఒక మెలిక వుంది. గ్రీన్ కార్డు వున్నవారికి, అమెరికా పౌరులయిన వారికి ఈ కెనడా వీసా అక్కర్లేదు. తమకు అక్కర్లేనిది ఎదుటివారికి కావాలని పిల్లలకు తోచదు. పాపం, వాళ్ళ తప్పని కాదు. అడగవలసింది మీరే. "బాబూ, ఓడ కెనడాలో ఆగుతుందా? మాకు వీసా వుండాలా?" అని ఒక్క మాట, డబ్బు కట్టకముందే అడగండి. వీసాకి దరఖాస్తు పెట్టడం, వేలిముద్రలు ఇవ్వడం హైదరాబాదులోనే అయ్యే పని. వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి నెలలు పట్టొచ్చు. అమెరికా వెళ్ళాక హడావుడి పడేకంటే ఇక్కడ వుండగానే కానిచ్చుకోవటం మేలు. ప్రయాణపు ఇన్సూరెన్సు తీసుకుంటే అందులో ఓడ మీద వైద్యం ఖర్చు కూడా వస్తుందో లేదో చూసుకోండి. ఓడలో డాక్టరు వుంటాడుగాని, ఊరికే చూడడు.

ఇహ పెట్టె సర్దుకోవటం. మనం మామూలుగా చేసే మొదటి పని ఏమిటి? పులిహోర, సున్నుండలు, ఆవకాయ. ఓడలోకి ఇంట్లో వండిన పదార్థాలు రానివ్వరు. కంపెనీవాళ్ళు సీలు వేసిన పొట్లాలైతే అభ్యంతరం వుండదు. శాకాహారం కావాలని, కావాలంటే మన దేశపు వంట కావాలని టిక్కెట్టు తీసుకునేటప్పుడే చెప్పాలి. మొదటి రోజు రాత్రి భోజనాల హాల్లో హెడ్ వెయిటరుకి మళ్ళీ గుర్తు చెయ్యాలి. అలా అడిగినవారికి పప్పూ, కూరా, అన్నం దొరుకుతూనే వుంటాయి. ఇంకొక మాట. రేవులో పెద్ద పెట్టెలు తీసుకుంటారే, అవి సాయంత్రానికిగాని గదికి రావు. బీపీ మాత్రలు, షుగరు మందులు, కళ్ళజోడు, ఓ స్వెట్టరు చేతిసంచీలోనే వుంచుకోండి.

బట్టల విషయంలో మరీ భయపడకండి. అలాస్కా అనగానే మంచుగడ్డలు తలుచుకుంటాం. జూన్, జులై నెలల్లో స్కాగ్వేలో పగటి పూట చలి మన డిసెంబరు తెల్లవారుజాము చలిలాగే వుంటుంది. కాని గాలి విసురు ఎక్కువ. అక్కడి పాతకాపులైన త్లింగిత్ జాతివారి భాషలో ఆ ఊరి పేరే ఉత్తరపు గాలికి, ఆ గాలి రేపే అలలకి సంబంధించినది. కనక లోపల నూలు బట్ట, పైన స్వెట్టరు, ఆ పైన గాలీ వానా ఆగే కోటు వేసుకోండి. వేడి పుడితే ఒక్కొక్కటే విప్పుకోవచ్చు. చీర కట్టుకుంటే నష్టమేమీ లేదు, కాని పైట ఎగరకుండా పిన్ను పెట్టుకోండి, కాళ్ళకి మాత్రం చెప్పులు వద్దు, బూట్లే. వాన సంగతి తమాషాగా వుంటుంది. కెచికన్ అని ఇదే దారిలో ఇంకో రేవు వుంది, అక్కడ ఏడాదికి 350 సెంటీమీటర్ల పైనే కురుస్తుంది. స్కాగ్వేలో 70 సెంటీమీటర్లే, అంటే మన హైదరాబాదు కన్నా తక్కువ! అందుకే ఈ దారిలో దిగి నడవడానికి అన్నిటికన్నా వీలైన ఊరు ఇదే అని నా అభిప్రాయం.

ఓడ ఆ ఊరు చేరేటప్పుడు తెల్లారే లేచి పై అంతస్తుకి వెళ్ళండి. లిన్ కెనాల్ అంటారు దాన్ని. పేరుకి కెనాలేగాని మనిషి తవ్విన కాలవ కాదు. వేల ఏళ్ళ క్రితం మంచునదులు కొండల్ని దొలుచుకుంటూ పోగా ఏర్పడిన లోయ అది. తర్వాత సముద్రం దాన్ని నింపింది. 140 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 600 మీటర్లకు పైన లోతు. అంత లోతు కాబట్టే పది పదిహేను అంతస్తుల ఓడ కూడా కొండల మధ్య నుంచి ఊరి వాకిట్లోకి వచ్చి ఆగగలుగుతోంది. రేవు పక్కన నిటారుగా ఓ కొండ గోడ వుంటుంది. అక్కడికి వచ్చిన ఓడల పేర్లు, కెప్టెన్ల పేర్లు ఆ రాతి మీద రంగులతో రాసి వుంటాయి. 1928 నుంచీ వున్న అలవాటది. మనవడు చదవడం నేర్చుకునే వయసువాడైతే ఆ పేర్లు చదివించండి.

2020 జనాభా లెక్కల్లో స్కాగ్వే జనం 1,240 మంది. మన కొత్తపేటలో పెద్ద అపార్టుమెంట్లు ఓ నాలుగయిదు కలిపితే అంతకన్నా ఎక్కువే వుంటారు. అలాంటి ఊరికి 2023లో ఓడల మీద వచ్చినవారు పది లక్షలు దాటారు. ఏప్రిల్ ఆఖరు నుంచి అక్టోబరు దాకానే ఈ సందడి. తర్వాత దుకాణాలకు తలుపులు బిగించి చాలామంది వెళ్ళిపోతారు. మరి అంత మారుమూల ఊరు ఎందుకు పుట్టింది? బంగారం కోసం.

1896 ఆగస్టు 16న కెనడాలోని క్లాండైక్ నది వేపు ఓ చిన్న వాగులో బంగారం కనబడింది. అప్పుడక్కడ వున్నవాళ్ళలో జార్జి కార్మాక్ అనే తెల్లవాడు, అతని భార్య షా త్లా, ఆవిడ పుట్టింటి వేపు బంధువులు వున్నారు. షా త్లాని కేట్ అనేవారు. ఆవిడ టాగిష్ జాతి మనిషి. మొదటి బంగారపు ముక్క ఆవిడ కంటే పడిందని చెప్పేవారు కూడా వున్నారు. బంగారం దొరికింది, సంపద వచ్చింది, ఆ తర్వాత భర్త ఆవిడని వదిలేసి వేరే పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ 1920లో పోయారు. కెనడావాళ్ళు తమ గనుల రంగపు ప్రముఖుల జాబితాలో ఆవిడ పేరు చేర్చింది 2019లో. పోయిన దాదాపు నూరేళ్ళకి!

1897 జులైలో ఓ ఓడ సియాటిల్‌కి బంగారం మోసుకొచ్చింది. పేపర్లలో పడింది. ఇంకేముంది, గుమాస్తాలు, బడిపంతుళ్ళు, మంగలివాళ్ళు, పోలీసులు, లక్షమంది దాకా ఇళ్ళు వదిలి బయల్దేరారని అంచనా. చివరిదాకా చేరినవాళ్ళు ముప్ఫయి, నలభై వేలే. వాళ్ళలోనూ బంగారం కళ్ళ చూసింది బహు కొద్దిమంది. అంతకుముందే మంచి వాగులన్నిటికీ హక్కుదార్లు వున్నారు మరి. ఎవరు బాగుపడ్డారంటే, సియాటిల్‌లో కోట్లూ బూట్లూ డేరాలూ అమ్మిన వర్తకులు. వెళ్ళేవాళ్ళ ఆశ మీద వ్యాపారం చేసినవాళ్ళది ఎప్పుడూ ఖాయమైన లాభం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కోచింగు బోర్డులూ, విదేశీ చదువుల సలహా కేంద్రాల బోర్డులూ చూసినప్పుడు నాకు ఆ వర్తకులే గుర్తుకొస్తారు.

వాళ్ళందరూ ఓడ దిగిన రేవుల్లో ఒకటి స్కాగ్వే. ఇక్కడి నుంచి వైట్ పాస్ అనే కనుమ దాటాలి. పక్కనే డయీ అనే ఊరు నుంచి చిల్కూట్ కనుమ ఇంకో దారి. సరిహద్దులో కెనడా పోలీసులు నిలబడి, ఏడాదికి సరిపడా సామాను లేనివాణ్ణి లోపలికి రానివ్వలేదు. పిండి, బీన్సు, పంచదార, పనిముట్లు అన్నీ కలిపి మనిషికి దాదాపు ఒక టన్ను. ఆకలితో చచ్చిపోతారని పెట్టిన నిబంధన అది, మంచిదే. కాని ఒక్క మనిషి టన్ను సామాను కొండ మీదికి ఎలా మోస్తాడు? మోయగలిగినంత మోసి, పైన దింపి, కిందికి దిగి, మళ్ళీ మోసి. అలా పదులకొద్దీసార్లు. వైట్ పాస్ దారిలో గుర్రాల మీద వేశారు. తిండి లేక, కాళ్ళు విరిగి మూడు వేల గుర్రాలు చచ్చిపోయాయంటారు. ఆ లోయకి ఇప్పటికీ చచ్చిన గుర్రాల లోయ అనే పేరు.

ఈ గొడవ మధ్యలో 1897లో హ్యారియట్ పుల్లెన్ అనే ఆవిడ ఓడ దిగింది. పొలం అప్పుల్లో మునిగింది. పిల్లల్ని అక్కడే వదిలి, పని వెతుక్కుంటూ ఒంటరిగా వచ్చింది. చేతిలో ఏడు డాలర్లున్నాయని చెబుతారు. రేవు గట్టు కట్టే కూలీలకి వంట చెయ్యడానికి కుదిరింది. పగలంతా ఆ వంట. రాత్రి తన డేరాలో ఎండబెట్టిన యాపిలు ముక్కలతో పై అనే తీపి వంటకం చేసి అమ్మేది. అది కాల్చడానికి పళ్ళెం కావాలి కదా. ఖాళీ డబ్బా రేకులు సుత్తితో కొట్టి పళ్ళేలు చేసుకుంది! బంగారానికి వెళ్ళేవాళ్ళు ఆ యాపిలు పైలకి డబ్బు కుమ్మరించారు. ఇంటి తిండి తిని ఎన్నాళ్ళయిందో వాళ్ళు. ఆ డబ్బుతో పిల్లల్ని రప్పించుకుంది, తన గుర్రాలు తెప్పించుకుని కనుమ దారిలో సామాను చేరవేసే వ్యాపారం చేసింది, తర్వాత పెద్ద ఇల్లు తీసుకుని హోటలు నడిపింది. 1947లో పోయేదాకా ఆ ఊళ్ళో ఆవిడది పెద్ద పేరు. వంట రావడం కూడా ఒక చదువేనా అని మనలో కొందరు నోరు నొక్కుకుంటారు గాని, ఆ ఏడాది స్కాగ్వేలో బంగారం తవ్వినవాడి కన్నా యాపిలు పై కాల్చినావిడకే ఎక్కువ దక్కింది.

సరే, ఓడ దిగారు. ఊరు ఎంత దూరం? ఓడ ఆగిన గట్టుని బట్టి అర కిలోమీటరు నుంచి ఒకటిన్నర కిలోమీటరు దాకా వుంటుంది. మహా అయితే చైతన్యపురి మెట్రో నుంచి దిల్‌సుఖ్‌నగర్ మెట్రోకి నడిచినంత. నేల చదునే. నడవలేనివాళ్ళకి కొద్ది డాలర్లకే ఊరి బస్సు వుంది. ఊళ్ళో అసలు వీధి ఒకటే, దాని పేరు బ్రాడ్వే. రెండు వేపులా చెక్క పలకలతో వేసిన కాలిబాటలు, 1900 నాటి చెక్క ఇళ్ళు. తోపుడు బండిలో పసివాణ్ణి పడుకోబెట్టుకుని హాయిగా తిరగొచ్చు. ఆవలి కొసకి వెళ్ళి రావడానికి ఎంతో సేపు పట్టదు.

వీధి మొదట్లోనే పాత రైలు స్టేషనులో జాతీయ పార్కువారి సందర్శక కేంద్రం వుంది. బంగారం పరుగు జరిగిన ఆ ఇళ్ళని కాపాడటానికి 1976లో పార్కుగా ఏర్పాటు చేశారు. లోపలికి టిక్కెట్టు లేదు. చిన్న సినిమా వేస్తారు, అదీ ఉచితమే. ముందు అది చూసి కూర్చున్నారంటే ఊరంతా అర్థమవుతుంది. పార్కు ఉద్యోగులు రోజుకి కొన్నిసార్లు జనాన్ని వెంటబెట్టుకుని వీధులు తిప్పి కథలు చెబుతారు. అందుకూ డబ్బు లేదు, కాని మనుషుల లెక్క వుంటుంది, దిగగానే పేరు చెప్పుకోండి. వాళ్ళ ఇంగ్లీషు పూర్తిగా అందకపోయినా ఫరవాలేదు, కథ మీకు తెలుసు కదా ఇప్పుడు. అక్కడి నుంచి నాలుగడుగుల్లో ఒక తమాషా భవనం. దాని ముందు గోడంతా సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన కర్రముక్కలతో 1899లో తాపడం చేశారు. ఎనిమిది వేల పైచిలుకు ముక్కలు! ఇంకాస్త ముందుకి, బంగారం దొరక్కముందే 1887లో అక్కడ స్థిరపడిన మూర్ అనే కెప్టెను కట్టుకున్న దుంగల గుడిసె వుంది. ఏనాటికైనా ఇక్కడ బంగారం కోసం జనం వస్తారని ముందే ఊహించిన మనిషి ఆయన. తీరా వచ్చాక ఆ జనం ఆయన స్థలాన్నే ఆక్రమించుకుని ప్లాట్లు వేసుకున్నారు. మన ఎల్.బి. నగర్ చుట్టుపక్కల స్థలాల తగాదాలు చూసినవాళ్ళకి ఇది కొత్త కథేం కాదు!

సోపీ స్మిత్ అని ఒక మోసగాడు కూడా ఇక్కడివాడే. ఊరికి తీగలే లేని రోజుల్లో తంతి ఆఫీసు తెరిచి, "మీ ఇంటికి కబురు పంపిస్తాం" అని డబ్బు గుంజేవాడని చెబుతారు. 1898 జులై 8న కాల్పుల్లో చచ్చాడు. అతనితో తలపడిన ఫ్రాంక్ రీడ్ కూడా పన్నెండు రోజులకి పోయాడు. ఇద్దరి సమాధులూ ఊరికి మూడు కిలోమీటర్ల అవతల శ్మశానంలో వున్నాయి. వెనకాలే రీడ్ పేరుతో జలపాతం. నడవగలిగితేనే వెళ్ళండి, లేకపోతే బెంగపడనక్కర్లేదు. దానికంటే ఊరి మ్యూజియం మేలు. కొద్దిపాటి టిక్కెట్టు వుంటుంది. త్లింగిత్ వాళ్ళ పడవ, బుట్టలు, బాతు మెడల తోళ్ళతో కుట్టిన ఒక బొంత చూడొచ్చు. త్లింగిత్ ఆడవాళ్ళు కొండమేక ఉన్ని, దేవదారు జాతి చెట్టు నార కలిపి చిల్కాట్ శాలువాలు నేస్తారు. ఒక్కటి నెయ్యడానికి ఏడాది పడుతుంది. బొమ్మ గీసేది మగవాళ్ళు, చూసి నేసేది ఆడవాళ్ళు. పోచంపల్లికి చీరలకి వెళ్ళి, ఆ మగ్గాల దగ్గర నిలబడి చూసినవారికి ఆ పనితనం ఇట్టే అందుతుంది.

ఇహ రైలు. స్కాగ్వే వెళ్ళిన ప్రతివాళ్ళూ దాని గురించే చెబుతారు, తగినదే. 1898 మేలో మొదలుపెట్టి, 1900 జులై కల్లా 177 కిలోమీటర్ల లైను వేశారు, చాలావరకు చేతులతోనూ మందుగుండుతోనూ. పట్టాల మధ్య మూడడుగులే. 1982లో గనులు మూతపడి రైలు ఆగిపోయింది, 1988లో యాత్రికుల కోసం మళ్ళీ మొదలైంది. ఓడలవాళ్ళు ఎక్కువగా ఎక్కేది కనుమ శిఖరందాకా వెళ్ళి వచ్చే బండి. పోను 32 కిలోమీటర్లు. మన మెట్రో ఎల్.బి. నగర్ నుంచి మియాపూరుకి వెళ్ళేది 29 కిలోమీటర్లు. ఇంచుమించు అంతే దూరంలో ఈ రైలు 873 మీటర్లు ఎక్కుతుంది! అరకు వెళ్ళినవాళ్ళు ఆ కొండ రైలుని తలుచుకోండి, దానికి మంచు కొండల్ని, జలపాతాల్ని జతచెయ్యండి. వెళ్ళేటప్పుడు ఎడమవేపు కిటికీ దొరికితే లోయ బాగా కనిపిస్తుంది. గుర్రాలు పోయిన పాత కాలిదారి కూడా కింద సన్నగా గీతలా కనబడుతుంది. మొత్తం మూడు గంటల లోపే. చక్రాల కుర్చీ వాళ్ళకి లిఫ్టు వున్న పెట్టెలున్నాయి, ముందుగా చెప్పాలి. టిక్కెట్టు మాత్రం మనిషికి నూరు డాలర్ల పైమాటే. శిఖరం దగ్గర బండి కొద్దిగా కెనడాలోకి వెళ్ళి తిరిగి వస్తుంది. ఎవర్నీ దింపరు గనక దానికి వీసా పేచీ లేదు. ఇంకా ముందుకి, కెనడా లోపలికి వెళ్ళే రైళ్ళకీ బస్సులకీ మాత్రం పాస్‌పోర్టు, వీసా రెండూ చూపించాలి.

ఆ నూరు డాలర్లు అనగానే మన ప్రాణం విలవిల్లాడుతుంది. ఎనిమిది వేల రూపాయల పైన కదా! అది పెట్టాలా అక్కర్లేదా అన్నది మీ ఇంటి సంగతి. నన్నడిగితే, మోకాళ్ళు నొప్పి వున్నవారికే ఆ రైలు ఎక్కువ విలువైనది. కూర్చున్న చోటి నుంచి కొండ చూడొచ్చు. మోకాళ్ళు గట్టిగా వున్నవారికి డబ్బు అక్కర్లేని దారులు చాలా వున్నాయి. డ్యూయీ చెరువుకి చెట్ల మధ్య నుంచి ఎక్కి వెళ్ళొచ్చు, ఎక్కుడు మాత్రం గట్టిదే. నది మీద వేలాడే వంతెన దాటి యాకుటానియా అనే సముద్రపు మొనకి వెళ్ళే దారి తేలిక. అక్కడ కూర్చుని మన ఓడనే దూరం నుంచి చూడొచ్చు.

పసివాడి సంగతేమిటి? ఓడ ఆ ఊళ్ళో సాధారణంగా పొద్దున్నుంచి సాయంత్రందాకా వుంటుంది. కనక పొద్దున్న అబ్బాయీ కోడలూ రైలుకి వెళ్ళి వస్తే, మధ్యాహ్నం పసివాణ్ణి వాళ్ళకి అప్పగించి మీరూ మామయ్యగారూ ఊళ్ళోకి వెళ్ళండి. లేదా వరస మార్చండి. మూడేళ్ళు నిండిన పిల్లలకైతే చాలా ఓడల్లో ఆటల గది, చూసుకునే మనుషులు వుంటారు. ఈ మాట ఓడ ఎక్కకముందే, ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు అనేయండి. "స్కాగ్వేలో నేనూ దిగుతానమ్మా, ఆ పూట బాబుని ఎవరు చూస్తారో చెప్పండి" అని. రేవులో ఓడ ఆగాక, అందరూ బూట్లు వేసుకుంటూ వుండగా అంటే కుదరదు. అప్పుడు మళ్ళీ మీ నోటి నుంచే "మీరు వెళ్ళి రండిరా" అని వచ్చేస్తుంది.

ఊళ్ళో కొనడం గురించి రెండు ముక్కలు. బ్రాడ్వే నిండా నగల దుకాణాలే. బంగారం ఊరు కదా అని మోజు పడకండి. అమెరికాలో నగలు ఎక్కువగా 14 కారట్లవి, అంటే నూటికి 58 పాళ్ళే బంగారం. మనం దిల్‌సుఖ్‌నగర్‌లో చేయించుకునే 22 కారట్లలో 91 పాళ్ళ పైన వుంటుంది. ధర చూసి, పాళ్ళు చూసి, నమస్కారం పెట్టి వచ్చేయండి. ఊలూ అని అర్ధచంద్రాకారపు కత్తి అమ్ముతారు. ఇంకా ఉత్తరాన వుండే ఇన్యూట్ ఆడవాళ్ళ వంటింటి కత్తి అది, మన కత్తిపీటకి పిల్ల చెల్లెలు అనుకోండి. ఆకుకూర తరగడానికి భేషుగ్గా వుంటుంది. అయితే కొన్నాక ఓడలో దాన్ని తీసుకుని దాచి, దిగేటప్పుడు ఇవ్వొచ్చు. విమానంలో చేతిసంచీలో పెట్టకూడదు. తినడానికి పెద్ద భటూరా లాంటి రొట్టె నూనెలో వేయించి, దాల్చినచెక్క పొడి, పంచదార అద్ది వేడివేడిగా ఇస్తారు. శాకాహారులు ఏ నూనె అని ఒకసారి అడిగి తినండి. ఇద్దరికి ఒకటి చాలు. ఓడలోంచి పళ్ళు మాత్రం సంచీలో వేసుకుని దిగకండి, గుమ్మంలో తీసేసుకుంటారు.

ఇళ్ళ ముందు తోటలు చూడటం మరిచిపోకండి. స్కాగ్వేకి అలాస్కా తోటల ఊరు అని పేరుంది. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు వుంటుంది. ఆ ఎండకి క్యాబేజీ, బఠాణీ, డాలియాలు రాక్షసుల్లా పెరుగుతాయి. మన డాబా మీద కుండీల్లో ఇంతింత పువ్వు కోసం ఎంత తాపత్రయపడతామో తలుచుకుంటే అసూయ పుడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్ళినవారు తిరిగి ఓడకి వచ్చే దారిలో పుల్లెన్ వాగు దగ్గర ఆగండి. గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలు కాళ్ళ దగ్గరే కనిపిస్తాయి. పిల్లలు అక్కడి నుంచి కదలరు.

కదిలించే ముందు టైము చూసుకోండి, అయితే మీ సెల్‌ఫోనులో కాదు. సియాటిల్‌కీ అలాస్కాకీ గంట తేడా, ఫోను ఏ టైము చూపిస్తుందో చెప్పలేం. దిగేటప్పుడు ఓడ గుమ్మం దగ్గర రాసి పెట్టిన టైమే లెక్క. దానికి అరగంట ముందుగా గట్టు మీద వుండండి. గది కార్డు, ఫోటో వున్న గుర్తింపు కాయితం కొంగున ముడేసుకున్నంత జాగ్రత్తగా పెట్టుకోండి. మీ కార్డు మీ దగ్గరే వుండాలి సుమా, అబ్బాయి జేబులో కాదు.